ఐసుదిమ్మలో పువ్వు

మొన్న మా పక్కింటి అమ్మాయి తన ఫోనులో ఒక ఫోటో చూపించింది. గులాబీలు ఐసుగడ్డలో బిగుసుకుని ఉన్నాయి. బాగుంది. "తాతగారూ, ఇలాంటివి మీ కాలంలో ఎవరూ తీసి ఉండరు కదండీ" అంది. నాకు కాస్త ఒళ్ళు మండింది. ఈ వయసులో ఒళ్ళు మండటానికి పెద్ద కారణం అక్కర్లేదు లెండి. "తీశామమ్మా. ఏలూరులోనే తీశాం. కొల్లేటి చేపలకి వేసే ఐసులో తీశాం" అన్నాను. ఆ పిల్ల నవ్వేసి వెళ్ళిపోయింది. ముసలాయన కోతలు కోస్తున్నాడనుకుంది కాబోలు. అందుకే ఇది రాస్తున్నాను. జేబులో కెమెరా పెట్టుకుని తిరిగే మీలాంటి కుర్రకారు ఎవరైనా ఓపిక చేసుకుని చదివితే సంతోషం.

యాభైల నాటి మాట. నేను వట్లూరు నుంచి రోజూ సైకిలు మీద ఏలూరు వచ్చి ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. నా పనంతా డార్క్‌రూములో. బొమ్మ పడిన గాజు ప్లేట్లు కడగటం, ప్రింట్లు వేయటం, ఆరబెట్టటం. ఫోటో తీయటం మాత్రం యజమానిదే. ఆయన్ని ఊరు ఊరంతా గురువుగారు అనేది. ఎందుకన్నదో ఎవరికీ తెలియదు, ఆయన బడిలో పాఠాలు చెప్పిన మనిషి కాదు. బహుశా ఆయన మాట తీరు చూసి అని ఉంటారు. చంకలో పిల్లాడు ఏడుస్తుంటే కూడా "ఏవండీ చిన్నబాబుగారూ, ఒక్కసారి ఇటు చూద్దురూ" అని బతిమాలేవారు. ఆ పిల్లాడు ఏడుపు ఆపి చూసేవాడు కూడాను.

పెద్ద కర్ర కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, వెనకాల నల్లగుడ్డ. ఆయన ఆ గుడ్డలో తల దూర్చి, వెనకున్న మసక అద్దం మీద తలకిందులుగా పడే బొమ్మని సరిచూసుకునేవారు. ఆ తర్వాత ప్లేటు తోసి, లెన్సు మూత తీసి, "శివ శివ" అనుకుంటూ వెలుతురును బట్టి మళ్ళీ మూత పెట్టేవారు. ఎండ ఎక్కువుంటే తక్కువ శివలు, మబ్బు పట్టి ఉంటే ఎక్కువ శివలు. గడియారం చూడగా నేనెప్పుడూ చూడలేదు. "ఈ గ్రూపుకి ఎన్ని శివలు పోశారండీ?" అని నేను అడిగేవాణ్ణి, ఆయన చెప్పినదాన్ని బట్టి ప్లేటు కడిగేవాణ్ణి.

ఇక్కడ కంటి సంగతి చెప్పాలి. కంట్లో పువ్వు పడటం అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. నల్లగుడ్డు మీద తెల్లగా ఒక మచ్చ లేస్తుంది. చూసేవాళ్ళకది చిన్న పువ్వులా ఉంటుంది, అందుకే ఆ పేరు. పడ్డవాళ్ళకి మాత్రం లోకమంతా ఆ మచ్చ వెనక్కి వెళ్ళిపోతుంది. గురువుగారికి చిన్నతనంలో అమ్మవారు పోసినప్పుడు ఎడమ కంట్లో పువ్వు పడింది. దాన్ని ఆయన లెక్కే చేయలేదు. "ఫోటోలు తీసేవాడికి రెండో కన్ను దండగండీ, ఎలాగూ మూసుకోవలసిందే" అనేవారు.

కుడి కన్ను సంగతి తాడేపల్లిగూడెంలో మొదలైంది. అక్కడొక రైసుమిల్లులో పనివాళ్ళ గ్రూపు ఫోటో తీస్తుంటే గాలికి ఊక లేచి ఆయన కంట్లో పడింది. ఆయన నలిపారు. పక్కనున్నవాళ్ళు మంచికే ఆముదం చుక్క వేశారు. కన్ను ఎర్రబారి, పుండై, అది మానేటప్పటికి పాప అంచున తెల్లగా నలుసంత మచ్చ మిగిలింది. ఏలూరు డాక్టరుగారు దీపం పెట్టి చూసి ఉన్న మాట చెప్పారు. "ఇది ఇక్కడే ఆగవచ్చండి, ముందుకు రావచ్చు కూడా. పూర్తిగా ఆపటం నా చేతిలో లేదు" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. మందు మార్చి చూడండని బతిమాలాను. ఆయన మాత్రం డాక్టరుగారికి దణ్ణం పెట్టి, స్టూడియోకి వచ్చి, లెన్సు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"ఒరే అబ్బాయ్" అన్నారు కాసేపటికి. "ఇన్నేళ్ళూ ఊరికి కావలసినవి తీశాను. పెళ్ళిళ్ళు, గ్రూపులు, పోయినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టినవి. నాకు కావాలని ఒక్కటీ తీసుకోలేదురా. ఈ కన్ను ఉండగా ఒక్కటి తీసుకోవాలి. అది తీశాక నల్లగుడ్డ నీది."

"ఏం తీస్తారండీ?" అన్నాను. నల్లగుడ్డ నాదవుతుందన్న సంతోషం ఆవగింజంత కూడా లేదు నాకు. భయమే ఉంది.

"అదే తెలియటం లేదు" అన్నారు.

తెలియజెప్పినావిడ దసరా వెళ్ళాక వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఒక షావుకారుగారు తలకి రాసుకునే చలవనూనె తయారుచేసి అమ్మేవారు. ఏటేటా కేలండరు వేయించి కొట్లకి పంచిపెట్టేవారు. దాని మీద ఎప్పుడూ లక్ష్మీదేవే. ఆ ఏడు భార్యతో కలిసి మా స్టూడియోకి వచ్చారు. లక్ష్మీదేవి వేషం వేసిన అమ్మాయి పక్కన తన సీసా పెట్టి ఫోటో తీయించాలని ఆయన ఉద్దేశం. గురువుగారు సరేనండీ అంటుండగానే ఆవిడ అడ్డుపడింది.

"ఏవండీ, ప్రతి కొట్లోనూ, ప్రతి ఇంట్లోనూ లక్ష్మీదేవే. మన లక్ష్మీదేవిని ఎవరు చూస్తారండీ? మన నూనె రాసుకుంటే నెత్తిన ఐసు పెట్టినట్టుంటుందని మీరే కదా అందరితో చెబుతారు. ఐసులో పూలు పెట్టి తీయిస్తే చూడగానే చల్లగా ఉంటుంది" అంది.

"ఐసులో పూలేవిటే?" అన్నారు షావుకారుగారు.

"అయితే అవుతుంది, కాకపోతే లేదు. గురువుగారిని అడగండి."

గురువుగారు లేచి నిలబడ్డారు. ఆయన మొహంలోకి రక్తం వచ్చినట్టయింది. "అవుతుందమ్మా" అన్నారు. ఎలా అవుతుందో ఆయనకి తెలియదని నాకు తెలుసు. షావుకారుగారు ఒక షరతు పెట్టారు. కేలండర్లు అచ్చువేసే ప్రెస్సు మనిషి దీపావళి వెళ్ళగానే వస్తాడు, ఆలోగా బొమ్మ రాకపోతే పాత లక్ష్మీదేవే. వాళ్ళు వెళ్ళగానే గురువుగారు నా భుజం పట్టుకుని "దొరికిందిరా" అన్నారు. అంతే అన్నారు.

ఏలూరు స్టేషను దగ్గర అప్పట్లో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. కొల్లేటి చేపలు బుట్టల్లో ఐసు మధ్య సర్దుకుని అక్కడి నుంచే కలకత్తా రైలెక్కేవి. ఫ్యాక్టరీలో పనంతా ఒక మేస్త్రి చేతి మీద నడిచేది. రోహిణి కార్తె ఎండలో కూడా మెడకి ఉన్ని మఫ్లరు చుట్టుకుని తిరిగే మనిషి. మాట పెద్దది, గొంతు ఇంకా పెద్దది. నేను వెళ్ళి ఆర్డరు చెప్పాను. ఆ సంభాషణ నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది, ఎందుకో మీకే తెలుస్తుంది.

"మేస్త్రిగారూ, మా గురువుగారికి ఒక దిమ్మ కావాలండి. ఫోటో తీయటానికి."

"ఐసుదిమ్మకి ఫోటో అండి?"

"ఆయ్. నట్టనడుమ పువ్వుండాలండి. మాకు పువ్వే ముఖ్యం."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పువ్వు కావాలా, వద్దా?"

"కావాలండి."

"అందరూ వద్దని దెబ్బలాడతారండి నాతో. మీకు కావాలా?"

"మాకదే కావాలండి. ఎంత పెద్దదైతే అంత మంచిది."

"ఓస్, అదెంత పనండి. గాలి ఆపేస్తే సరి" అన్నాడు. గాలి ఏమిటో నాకు అర్థం కాలేదు. వాళ్ళ పనిలో ఏదో కిటుకు అనుకున్నాను. వచ్చేస్తూ, "రేపు పొద్దున్నే అక్క పూలు తెస్తుందండి" అని కూడా చెప్పాను. అక్క అంటే కొల్లేట్లో చేపలు పట్టే కుటుంబం మనిషి. కలిదిండిలో పుట్టి కొల్లేటి ఒడ్డున ఒక పల్లెకి కోడలిగా వచ్చింది. రోజూ తెల్లారేసరికి చేపల బుట్టలతో ఫ్యాక్టరీలో దిగేది. అక్కడ అందరూ ఆవిణ్ణి అక్కా అనే పిలిచేవారు. మేస్త్రి నా మాటకి తలూపి, "తెమ్మనండి, రేపు శుక్రవారం కూడాను" అన్నాడు. శుక్రవారం మంచిదే కదా అనుకుని సైకిలెక్కాను.

దిమ్మ గట్టిపడిందని కబురు రాగానే జట్కాలో కెమెరా వేసుకుని గురువుగారూ నేనూ వెళ్ళాం. మేస్త్రి గోనెపట్టా కప్పి ఉంచాడు. మమ్మల్ని ఎదురుగా నిలబెట్టి పట్టా లాగేశాడు. లోపల పూలు లేవు. దిమ్మ నడుమ పై నుంచి కింది దాకా చిక్కటి తెల్లటి మసక ఒకటి ఉంది, పాలు విరిగినట్టు.

"సూడండి. ఇంత పువ్వు జిల్లా మొత్తం మీద ఎవడైనా తీయగలడేమో అడగండి" అన్నాడు.

"పూలేవండీ?" అన్నాను నేను.

"అదుగో" అని మిషను పైన గోడ వైపు చూపించాడు. అక్కడ వినాయకుడి పటం ముందు అక్క మా కోసం తెచ్చిన కలువలన్నీ గుట్టగా పోసి ఉన్నాయి. శుక్రవారం పూజ దివ్యంగా జరిగింది.

అప్పుడు తెలిసింది. ఆ ఫ్యాక్టరీలో దిమ్మ నడుమ లేచే తెల్లటి మసకనే పువ్వు అంటారు. సోడాల కొట్టువాళ్ళూ షర్బత్తువాళ్ళూ పువ్వు లేని దిమ్మ కావాలని దెబ్బలాడతారు. చేపలకి పువ్వున్నదైనా ఒకటే. పువ్వు రాకుండా నీళ్ళలోకి గొట్టంతో గాలి కొడుతూ ఉంటారు. మా కోసం మేస్త్రి ఆ గాలి ఆపేసి, పనిగట్టుకుని ఇంత పువ్వు పూయించాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గురువుగారు మాత్రం గోడకి చేరబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వటం అయ్యాక దిమ్మ దగ్గరికి వెళ్ళి, తల ఓ పక్కకి వంచి, దాన్ని చాలాసేపు చూశారు.

"మేస్త్రిగారూ, ఇది నడుమే ఎందుకు వస్తుందండీ?"

"నీళ్ళు డబ్బా గోడల వైపు నుంచి గడ్డకట్టుకుంటా వస్తాయండి. లోపలున్న గాలినీ మడ్డినీ నడుమకి తోసుకుంటా వస్తాయి. ఆఖరికి ఎటూ పోయే దారి లేక అక్కడే పువ్వై కూర్చుంటాదండి."

"ఆపటం కుదరదా?"

"గాలి కొడతా ఉంటే ఆగుద్ది. పూర్తిగా ఆపటం మాత్రం నా చేతిలో లేదండి."

"మా డాక్టరుగారూ ఈ మాటే అన్నారండి" అని గురువుగారు తన కుడి కన్ను చూపించారు. మేస్త్రి వంగి చూశాడు. చూసి మఫ్లరు విప్పేశాడు, దాన్ని ఏం చేయాలో తెలియక చేతికి చుట్టుకున్నాడు. "తప్పయిపోయిందండి గురువుగారూ. పెద్ద పువ్వు తీశానని మీ ముందు గొప్పలు పోయాను" అన్నాడు, ఆ గొంతు అంత చిన్నదవుతుందని నాకు తెలియదు.

"గొప్పదే తీశారండీ. నా దానికన్నా బాగుంది" అన్నారు గురువుగారు.

ఆ రోజు నుంచి ఆ దిమ్మ మేస్త్రి సొంత వ్యవహారం అయిపోయింది. ఫ్యాక్టరీ పని ఒక పక్క, మా పని ఒక పక్క. అక్క ఎర్ర కలువలు తెచ్చేది. అవి చీకట్లో విచ్చుకుని ఎండ మొహం చూడగానే ముడుచుకుంటాయి. మొదట్లో తెచ్చినవన్నీ పిడికిళ్ళలా మూసుకుని వచ్చాయి. తర్వాత చేపల బుట్టలోనే అడుగున పెట్టి, తడి గోనె కప్పి, చీకటి పోకుండా తేవటం మొదలుపెట్టింది. "ఏవండీ గురువుగారూ, ఫోటోలో చేపల కంపు పడదు కదండీ?" అని ప్రతిసారీ అడిగేది. "పడితే షావుకారుగారి నూనె మరీ బాగా అమ్ముడుపోతుందమ్మా, కొల్లేరంతా కొనుక్కుంటారు" అనేవారాయన.

పూలు విచ్చుకున్నాయి గానీ దిమ్మ మాట వినలేదు. కలువల్ని నడుమ పెట్టి గాలి కొడితే రేకులు చెదిరిపోయేవి. గాలి ఆపితే మేస్త్రి చెప్పిన పువ్వు వచ్చి మా పూలని మింగేసేది. ఒక్కో దిమ్మ పైకి తీయటం, అందరం చుట్టూ మూగటం, మేస్త్రి దాన్ని చేపలకి తోసేయటం. నిజం చెప్పాలంటే ఆ దీపావళి ముందు కలకత్తాలో ఎవరో ఒకరు చేపల బుట్ట విప్పి, ఐసులో కలువపువ్వు చూసి తెల్లబోయి ఉండాలి.

ఈలోగా కన్ను తన పని తను చేసుకుపోతోంది. గురువుగారు మెట్లు దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేయటం మొదలుపెట్టారు. అది ఆయన అలవాటు కాదు. ఒకరోజు ప్లేటుని తిరగేసి పెట్టారు. నేను చూశానని ఆయనకి తెలిసింది. "ఆ దిమ్మ తొందరపడితే బాగుండునురా" అన్నారు. షావుకారుగారి దగ్గర్నుంచి మనిషి వచ్చి వెళ్ళాడు. ప్రెస్సు వాళ్ళకి లక్ష్మీదేవినే ఇచ్చేయమంటారా అని అడిగించారు. గురువుగారు ఇంకొక్క దిమ్మ చూద్దామని చెప్పమన్నారు. ఏం ధైర్యంతో చెప్పారో నాకు తెలియదు, అప్పటికి చేతిలో ఉపాయమంటూ ఏదీ లేదు.

ఉపాయం ఒక పెళ్ళికూతురు ఇచ్చింది, తనకి తెలియకుండా. మా స్టూడియోలో తెల్ల తెర కట్టి, దాని ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టాం. ఎర్ర పట్టుచీర, జడ నిండా పూలు. గురువుగారు నల్లగుడ్డలో దూరారు. ఎంతకీ బయటికి రారు. కనిపించటం లేదేమోనని నేను దగ్గరికి వెళ్ళాను. ఉన్నట్టుండి తల బయటపెట్టి నన్నడిగారు.

"ఒరే, పెళ్ళికూతుర్ని తెర ముందు కూర్చోబెడతామా, తెర లోపల కూర్చోబెడతామా?"

"ముందేనండి."

"మరి మనం ఇన్నాళ్ళూ పూలని తెర లోపల పెడుతున్నాం కదరా."

నాకు అర్థం కాలేదు. ఆయన ఆ అమ్మాయి ఫోటో ఎన్ని శివలు పోయాలో అన్నీ పోసి తీశారు, తొందరపడలేదు. తీశాక చేతులు జోడించి, "అమ్మాయిగారూ, మీరు నాకు పెద్ద ఉపకారం చేశారండీ" అన్నారు. ఆ అమ్మాయి వాళ్ళమ్మ వైపు చూసింది. మేం రిక్షా ఎక్కి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాం.

"మేస్త్రిగారూ, పూలని నడుమ పెట్టకండి. గోడవారగా పెట్టండి. ముందు గడ్డకట్టేది అక్కడే కదా. అవి గట్టిపడేదాకా గాలి మెల్లగా కొట్టండి. అవి బిగుసుకున్నాక గాలి ఆపేసి, మొదటి రోజు తీశారే, ఆ పువ్వు మళ్ళీ తీయండి. పూల వెనకాల" అన్నారు గురువుగారు.

మేస్త్రి ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఒకసారి దెబ్బ తిన్నవాడు కదా. "ఏ పువ్వండి? పువ్వు పువ్వేనా, పువ్వా?"

"మీ పువ్వండీ."

"కావాలా, వద్దా?"

"కావాలండీ. ఎంత పెద్దదైతే అంత మంచిది."

మేస్త్రి మొహం చూడవలసింది. పనివాళ్ళని కేకేసి, డబ్బా కడిగించి, నీళ్ళు కాచి చల్లార్చి పోయించాడు. అక్క కాడలకి దారం కట్టి, వెదురుపుల్లకి బిగించి, తనే వంగి డబ్బా గోడవారగా దింపింది. గాలి గొట్టం మీద మేస్త్రి చెయ్యి తీయలేదు. ఎప్పుడు ఆపాడో, ఎలా కనిపెట్టాడో నేను అడిగితే, "అదంతా మీకెందుకండి, మీరు డార్క్‌రూములో ఏం చేస్తారో నేనడిగానా?" అన్నాడు. న్యాయమే.

ఆ దిమ్మ తీసిన పొద్దున సంగతి చెబుతాను. దీపావళి మర్నాడది. వీధుల్లో ఇంకా మతాబుల వాసన పోలేదు. ఫ్యాక్టరీ పెరట్లో ఉత్తరం వైపు రేకుల పంచ ఉంది, నీడగా, వెలుతురు మెత్తగా ఉంటుందని అక్కడే కెమెరా నిలబెట్టాం. దిమ్మని నీళ్ళలో ముంచి, డబ్బాలోంచి జార్చి, చెక్క మీద నిలబెట్టారు. మొదట మంచు పట్టి బూడిద రంగుగా ఉంది. మేస్త్రి చెంబుతో నీళ్ళు పోశాడు. నీళ్ళు జారిపోయేసరికి ముందు వైపు గాజులా తేటపడింది. నాలుగు ఎర్ర కలువలు, అప్పుడే విచ్చుకున్నట్టు, ఒక్కో రేకూ విడివిడిగా. వాటి వెనకాల మేస్త్రి పువ్వు, తెల్లగా, చిక్కగా, వాటి కోసమే కట్టిన తెరలా. అక్క రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఇన్నేళ్ళలో ఎన్నో అందమైనవి చూశాను గానీ, దానంత అందమైనది నేను చూడలేదు. ఇది ఊరికే అంటున్న మాట కాదు.

గురువుగారు నల్లగుడ్డలోకి వెళ్ళారు. ఆ పొద్దున ఆయన కన్ను ఎర్రగా ఉంది, నీరు కారుతోంది. కెమెరా మడతల తిత్తిని, బెల్లోసు అంటాం దాన్ని, ముందుకి జరిపారు, వెనక్కి జరిపారు. తల అటు వంచారు, ఇటు వంచారు. గుడ్డ కదులుతూనే ఉంది. మేస్త్రి నీళ్ళు పోస్తున్నాడు, దిమ్మ అంచులు కరుగుతున్నాయి. చివరికి ఆయన బయటికి వచ్చారు.

"పూలు కనిపిస్తున్నాయిరా. వెనకాల తెలుపూ కనిపిస్తోంది. అయితే ఆ తెలుపు దిమ్మలోదో నా కంట్లోదో తెలియటం లేదు. అంచు దొరకటం లేదు" అన్నారు మెల్లగా.

నేను "నేను చూస్తానండీ" అనబోయాను. మాట నోటి దాకా వచ్చింది. అది ఆయన బొమ్మ. ఆయన తన కోసం కావాలనుకున్న ఒకే ఒక్క బొమ్మ. నేను గుడ్డలో దూరితే ఆ బొమ్మ బాగానే వస్తుంది, కానీ ఆయనది కాకుండా పోతుంది. మాట మింగేశాను. ఆయన నా మొహం చూసి గ్రహించారనుకుంటాను. లోపల వినాయకుడి పటం ఉన్న వైపు తిరిగారు.

"మేస్త్రిగారూ, స్వామివారి దీపం ఒకసారి ఇప్పిస్తారా?"

మేస్త్రి పరుగెత్తి పూజ దీపం తెచ్చాడు. గురువుగారు దాన్ని నా చేతికిచ్చి, దిమ్మ పక్కన, పూలు ఉన్న లోతుకి సరిగ్గా సమంగా పట్టుకోమన్నారు. మళ్ళీ గుడ్డలో దూరారు. పువ్వు పడ్డ కంటికి రేకు అంచు దొరకదు గానీ దీపం దొరుకుతుంది. మసక అద్దం మీద ఆ వెలుగు పెద్దదిగా చెదిరి ఉంటే సరిగా లేనట్టు, చిన్న చుక్కగా ముడుచుకుంటే సరిపోయినట్టు. గుడ్డ లోంచి ఆయన గొంతు వినపడుతోంది. "ఇంకా చెదిరింది... ఇంకా... ఆఁ, ముడుచుకుంది. దీపం తీసెయ్." నూనె నా వేళ్ళ మీద ఒలికింది. కాలిందన్న సంగతి ఇంటికి వెళ్ళాక తెలిసింది.

ఆయన ప్లేటు తోశారు. మేస్త్రి ఆఖరి చెంబు పోసి పక్కకి తప్పుకున్నాడు. మూత తీశారు. "శివ శివ" మొదలైంది. మెల్లగా, బయటికి వినపడేలా. ఆయనతోపాటు అక్క కూడా పెదవుల్లోనే శివ శివ అంటోంది, తర్వాత మేస్త్రి, తర్వాత నేను. మూత పెట్టేశారు. రెండో ప్లేటు తీద్దామని వంగుతుండగా దిమ్మలో టప్పున చప్పుడయింది. పై నుంచి కింది దాకా బీట పడింది. ఒక కలువ రెండుగా చీలిపోయింది.

"చాలురా, అది చూడవలసింది చూసేసింది" అన్నారు గురువుగారు, కెమెరా మీద చెయ్యి వేసి.

డార్క్‌రూములో ఎర్ర దీపం కింద నేను ప్లేటు కడుగుతుంటే ఆయన నా వెనకాల నిలబడ్డారు. ఆ వెలుతురులో ఆయనకి ఏమీ కనపడదు. నా భుజం మీద చెయ్యి మాత్రం ఉంది.

"ఏం వస్తోంది?"

"ముందు మేస్త్రిగారి పువ్వు వస్తోందండి. నల్లగా." నెగెటివులో తెలుపు నల్లగా వస్తుంది, నలుపు తెల్లగా వస్తుంది, మీకు తెలుసు కదా.

"పువ్వు నల్లబడిందా? మంచిది. ఇంకా?"

"కలువలు వస్తున్నాయండి. తెల్లగా. నాలుగూ."

"అంచులు?"

నేను వంగి చూశాను. ప్రతి రేకు అంచూ సూదితో గీసినట్టుంది. "ఉన్నాయండి" అన్నాను. నా భుజం మీద చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది.

షావుకారుగారు ప్రింటు చూసి కండువా భుజాల చుట్టూ కప్పుకున్నారు. "చలేస్తోందండీ" అన్నారు. దానికి మించిన మెచ్చుకోలు ఇంకేం కావాలి. ఆవిడ ఆ బొమ్మని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. వెళ్ళేటప్పుడు తన ఇంటికి వేరేగా ఒక ప్రింటు కావాలని అడిగింది. ముందుచూపు గల మనిషి అని తర్వాత తెలిసింది. ఎందుకంటే కేలండరు అచ్చయి వచ్చేసరికి ప్రెస్సువాళ్ళు కలువలకి గులాబీ రంగు వేసి, వాటి మీద లక్ష్మీదేవిని నిలబెట్టేశారు. ఏ దేవతా లేకుండా కేలండరు ఎలా వేస్తామండీ అని వాళ్ళే బొమ్మ అతికించారట. నాకు వచ్చిన కోపానికి దాన్ని చింపేద్దామనుకున్నాను. గురువుగారు కేలండరుని ముక్కుకి ఆనించుకుని చూశారు. "పాపం, చెప్పులైనా వేయలేదు. అమ్మవారికి కాళ్ళు జివ్వుమంటుంటాయిరా" అన్నారు. నాకు కోపం పోయి నవ్వొచ్చింది. లక్ష్మీదేవి లేని అసలు బొమ్మ పెద్దది చేసి మా స్టూడియో గోడకి తగిలించాం.

అన్న మాట ప్రకారం ఆయన నల్లగుడ్డ నాకిచ్చారు. మళ్ళీ ఎవరి ఫోటోనూ తీయలేదు. సంక్రాంతి దాటేసరికి కుడి కన్ను పువ్వు పాపని పూర్తిగా కప్పేసింది. అయినా రోజూ స్టూడియోకి వచ్చి, ముందు గదిలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళతో ఏవండీ అంటూ కబుర్లు చెప్పేవారు. లోపల నేను ఫోటో తీస్తుంటే బయటి నుంచి పిల్లల్ని ఊరుకోబెట్టేవారు. ఆయన గొంతు వినపడితే చాలు, పిల్లలు ఇటు తిరిగేవారు. నేను తీసిన మంచి ఫోటోల్లో సగం అలా వచ్చినవే.

మేస్త్రి మాత్రం ఊళ్ళోకి ఏ చుట్టం వచ్చినా మా స్టూడియోకి తీసుకొచ్చి ఆ బొమ్మ ముందు నిలబెట్టేవాడు. చుట్టాలు కలువల్ని చూసి బాగున్నాయనేవారు. ఆయన విసుక్కునేవాడు. "పూలు కాదండి. వెనకాల సూడండి, ఆ పువ్వు. అది నేను తీశాను" అనేవాడు.

ఒకసారి అలా వచ్చిన ఒక పెద్దాయన బొమ్మ చూసి, ఇటు తిరిగి గురువుగారి కళ్ళు చూశారు. మనసు కరిగి, "ఇంత గొప్ప బొమ్మ తీసిన మనిషికి, పాపం, రెండు కళ్ళలోనూ పువ్వు పడిందా అండీ?" అన్నారు. గురువుగారు గోడ వైపు, సరిగ్గా బొమ్మ ఉన్న చోటికి తల తిప్పి నవ్వారు.

"పడిందండీ. అయితే పూలు ముందే పెట్టేసుకున్నాను, ఆ పువ్వు వాటి వెనకాల పడింది."